పద్యంలో ఏ అలంకారం ఉందో పట్టుకోవడం ఎలా? మాట మార్చి చూడండి

"సార్, వలె ఉంటే ఉపమ, ఏమో ఉంటే ఉత్ప్రేక్ష, రెండూ లేకపోతే ఏం రాయాలి సార్?"

కావలిలో ట్యూషన్ చెప్తున్నప్పటి నుంచీ ఇదే ప్రశ్న. పదో తరగతి పిల్లలు అడుగుతారు, పరీక్ష ముందు రోజు రాత్రి వాళ్ళ అమ్మలు ఫోన్ చేసి అడుగుతారు, డీఎస్సీకి కూర్చునేవాళ్ళు నోట్సు ముందు పెట్టుకుని మరీ అడుగుతారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పీ చెప్పీ గొంతు పోయింది, అందుకని ఒకసారి వరసగా రాసి పెడుతున్నా. లక్షణాలు బట్టీ పట్టించడానికి కాదు, అవి మీ పుస్తకంలో ఉన్నాయి. ఎదురుగా కొత్త పద్యమో వాక్యమో పడితే దాన్ని ఎక్కడ పట్టుకుని ఎట్టా విప్పాలో అది చెప్తా.

ఒక మాట ముందే చెప్పేస్తా. శాస్త్రంలో అర్థాలంకారాలు (మాట అర్థంలో అందం ఉండేవి) నూరు దాకా లెక్కపెట్టారు. భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పినవి శబ్దాలంకారంతో కలిపి నాలుగే: ఉపమ, రూపకం, దీపకం, యమకం. అంటే మిగతావన్నీ తరవాత వాళ్ళు ఒక్కొక్కటే విడదీసుకుంటూ పోయినవే. కాబట్టి పన్నెండు పదమూడు పేర్లు చూసి టెన్షన్ పడొద్దు, అవి ఒకదాని పక్కింట్లో ఒకటి ఉంటాయి, గోడలు ఎక్కడున్నాయో తెలిస్తే చాలు.

ఏమేం కావాలి

పద్యం, దాని ప్రతిపదార్థం (లేకపోతే కనీసం తాత్పర్యం), ఒక పెన్సిలు, ఒక నిఘంటువు. ఫోన్లో ఆంధ్రభారతి వెబ్‌సైటు తెరుచుకున్నా సరిపోతుంది. ఇంకోటి, గొంతు. అవును, బయటికి చదవడానికి. లైబ్రరీలో కూర్చుని చేసే పని కాదు ఇది.

1. రెండుసార్లు బయటికి చదవండి

కళ్ళతో చదివితే శబ్దాలంకారం (మాట చప్పుడులో అందం ఉండేది) దొరకదు. "పెన్న పొంగి పొలాల మీద పొర్లి పోయింది" అన్న వాక్యం మనసులో చదివితే వరద వార్త. పైకి చదివితే పెదాలు ఐదుసార్లు కొట్టుకుంటాయి. ఆ కొట్టుకోవడమే మీకు మొదటి ఆధారం. పెన్సిలుతో ఆ అక్షరాల కింద గీత పెట్టుకోండి.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. చాలా పద్యాల్లో ప్రతి పాదానికీ రెండో అక్షరంలో ఒకటే హల్లు వస్తుంది కదా, దాన్ని చూసి అంత్యానుప్రాస అని రాసేస్తారు. అది ప్రాస, పద్యం నడవడానికి ఛందస్సు పెట్టిన నియమం. యతి కూడా అంతే. అద్దంకి శాసనం గురించి వినే ఉంటారు, క్రీ.శ. 848 నాటిదని చెప్పే పండరంగడి శాసనం, అందులో ఉన్నది తరువోజ. తరువోజ అన్నది ఛందస్సు పేరు, అలంకారం పేరు కాదు. బట్ట ఏ కొలతకు కత్తిరించారన్నది ఛందస్సు, దాని మీద ఏ జరీ వేశారన్నది అలంకారం. వెంకటగిరి చీర కట్టే ఇళ్ళల్లో ఈ మాట చెప్తే వెంటనే అర్థమవుతుంది.

2. సంధులు విప్పి మామూలు మాటల్లో రాయండి

దీన్ని దాటేసి నేరుగా మూడో మెట్టు ఎక్కకండి. పద్యంలో కర్త ఒక పాదంలో, క్రియ మూడో పాదంలో ఉంటుంది. మీరు "ఎవరు, ఏం చేశారు, ఎట్టా చేశారు" అన్న వరసలో ఒక్క వాక్యం చేసి పక్కన రాసుకోండి. ప్రతిపదార్థం మొత్తం రాయక్కర్లేదు, ఎముకల గూడు ఉంటే చాలు.

ఈ మెట్టులోనే ఇంకో పని చేయండి: కవి ఎవరి గురించి చెప్పడానికి వచ్చాడో ఆ మాట చుట్టూ ఒక సున్నా చుట్టండి. తరవాత దాని అవసరం చాలా ఉంది.

3. మాట మార్చి చూడండి

మొత్తం పద్ధతికి ఆయువుపట్టు ఇదే. అందంగా ఉందనిపించిన మాట తీసేసి, అదే అర్థం వచ్చే వేరే మాట పెట్టండి. అందం పోతే అది శబ్దాలంకారం. పోకపోతే అర్థాలంకారం. ఇది నేను కనిపెట్టిందేం కాదు, పాత ఆలంకారికుల పరీక్షే.

పెన్న వాక్యం తీసుకుందాం. "నది ఉప్పొంగి చేల మీదుగా సాగింది." అర్థం అదే, చప్పుడు పోయింది. కాబట్టి శబ్దాలంకారం.

ఇప్పుడు ఇది చూడండి: "సోమశిల గేట్లు ఎత్తగానే పెన్న పగ్గం తెంపుకున్న గిత్తలా ఉరికింది." మాటలు మార్చండి: "నది తాడు తెంచుకున్న ఎద్దు మాదిరి పరిగెత్తింది." కొంచెం పస తగ్గింది గానీ పోలిక చెక్కుచెదరలేదు. అర్థాలంకారం.

మార్చమంటే మాటని మార్చాలి, వస్తువుని కాదు. ఒక పిల్లవాడు గిత్త తీసేసి గాడిద పెట్టి "సార్, అందం పోయింది, శబ్దాలంకారం" అన్నాడు. గిత్తకి గాడిద పర్యాయపదం కాదు నాయనా. అనుమానం ఉంటే నిఘంటువు చూడండి, అందుకే దాన్ని సామాన్లలో రాసింది.

ఈ పరీక్ష తప్పే చోటు: శ్లేష. "అన్నదమ్ములు ఆవుని పంచుకున్నారు, చిన్నోడికి దక్కింది పాలే" అంటే, దక్కింది వాటానా, గ్లాసుడు పాలా? పాలు తీసి వాటా పెడితే చమత్కారం చచ్చిపోతుంది. నా పరీక్ష ప్రకారం ఇది శబ్దాలంకారం కావాలి. శాస్త్రంలో శబ్దశ్లేష, అర్థశ్లేష అని రెండూ ఉన్నాయి గానీ, మన స్కూలు పుస్తకాల్లో శ్లేషని అర్థాలంకారాల జాబితాలో పెడతారు. పరీక్షలో అలాగే రాయండి, వాదించకండి. ఒక్క మాటకి రెండు అర్థాలూ ఆ వాక్యంలో కుదిరితేనే శ్లేష అన్నది మాత్రం గుర్తుంచుకోండి. నిఘంటువులో రెండు అర్థాలు ఉన్నంత మాత్రాన కాదు, వాక్యంలో రెండూ నిలబడాలి.

4. శబ్దాలంకారం అని తేలితే

ఇక్కడ రెండే ప్రశ్నలు. మళ్ళీ వచ్చింది ఏంటి, అక్షరమా మాటా? మాటైతే అర్థం అదేనా, వేరేనా?

ఒకే హల్లు చాలాసార్లు మోగితే వృత్త్యనుప్రాస, పైన పెన్న వాక్యం లాగా. రెండుసార్లు వస్తే లెక్కలోకి తీసుకోవద్దు, మామూలు మాటల్లోనూ అంత వస్తుంది. పాదాల చివర ఒకే చప్పుడు వస్తే అంత్యానుప్రాస:

పెన్నలో నిండింది నీరు
చేలలో పెరిగింది నారు
రైతింట కదిలింది తేరు

ఒక పాదం ఆఖరు మాటతో తరవాతి పాదం మొదలైతే ముక్తపదగ్రస్తం. "వాన కురిస్తే చెరువు, చెరువు నిండితే చేను, చేను పండితే ఇల్లు." గొలుసు లాగా ఉంటుంది, దీన్ని ఎవరూ తప్పు చేయరు.

గొడవంతా మిగతా మూడింటితోనే. ఛేక, లాట, యమకం.

"కారు కారుచీకట్లో ఆగింది." మొదటి కారు బండి, రెండోది నలుపు. అర్థం వేరు, మధ్యలో ఇంకో అక్షరం లేదు. ఇది ఛేకానుప్రాస.

"మైపాడు రేవులో వల పన్న కుర్రాడికి వలపన్న మాట తెలియదు." వల పన్న, వలపన్న. రాతలో ఒకటే అక్షరాలు, ఒకటి చేపల కోసం, ఇంకోటి వేరే దాని కోసం. అర్థం వేరు, మధ్యలో ఎడం ఉంది, అక్షరాల గుంపు అంతా తిరిగొచ్చింది. ఇది యమకం.

"వానాకాలంలో నిండిన చెరువే చెరువు." ఇక్కడ రెండు చెరువులూ ఒకటే, నీళ్ళుండే చెరువే. కానీ రెండోసారి అన్నప్పుడు "అసలైన చెరువు, చెరువని పిలిపించుకోదగ్గ చెరువు" అని. అర్థం ఒకటే, ఉద్దేశం వేరు. లాటానుప్రాస.

పరీక్ష చెప్తా. రెండో మాట ముందు "నిజమైన" అని చేర్చి చదవండి. "నిండిన చెరువే నిజమైన చెరువు", అతికింది, లాట. "కారు నిజమైన కారుచీకట్లో" అంటే అతకదు. "వల పన్న కుర్రాడికి నిజమైన వలపన్న మాట" అంటే ఏదో సినిమా డైలాగు లాగా ఉంటుంది, మీరు చెప్పాలనుకున్నది కాదు. అతకకపోతే ఛేకకో యమకానికో వెళ్ళండి, పక్కపక్కనే అంటుకుని ఉంటే ఛేక, ఎడంగా ఉంటే యమకం.

5. అర్థాలంకారం అని తేలితే

ఇప్పుడు రెండో మెట్టులో చుట్టిన సున్నా తీయండి. కవి ఎవరి గురించి చెప్తున్నాడో అది ఉపమేయం. దేనితో పోల్చాడో అది ఉపమానం. వాక్యంలో ముందొచ్చింది ఉపమేయం అనుకుని రాసేవాళ్ళు సగం మంది. "పగ్గం తెంపుకున్న గిత్తలా పెన్న ఉరికింది" అని తిప్పి రాస్తే గిత్త ఉపమేయం అయిపోదు కదా, మనం వచ్చింది పెన్న సంగతి చెప్పడానికి.

*ఉపమ.* నాలుగు గళ్ళు గీసుకోండి: ఉపమేయం పెన్న, ఉపమానం గిత్త, సమానధర్మం ఉరకడం, ఉపమావాచకం లా. నాలుగూ నిండితే పూర్ణోపమ. ఒకటో రెండో ఖాళీ ఉంటే లుప్తోపమ. "ఆమె మాట తేనె లాంటిది" అన్నప్పుడు తియ్యదనం అన్నది చెప్పలేదు, మనమే అనుకున్నాం, ఆ గడి ఖాళీ.

వాచకాల జాబితా వలె, పోలె, అట్లు, భంగి, కరణి, పగిది, మాడ్కి, రీతి అని పుస్తకంలో ఉంటుంది. మన నెల్లూరు నోట్లో నలిగే "మాదిరి" కూడా ఆ పనే చేస్తుంది. కానీ వాచకం కనపడగానే ఉపమ అని దూకొద్దు, నేను మొదట్లో చెప్పిన ప్రశ్న పుట్టింది ఈ దూకుడు వల్లే. ఒక అమ్మాయి పద్యం తాత్పర్యంలో లా ఉన్న చోటల్లా గీత పెట్టి తెచ్చింది. అందులో "చాలా" కింద కూడా గీత ఉంది.

ఇంకో ఉచ్చు. "మా వాడు అచ్చం వాళ్ళ నాన్నలా ఉంటాడు." లా ఉంది, ఇద్దరున్నారు, పోలికుంది. అలంకారం కాదు. అది ఉన్న సంగతి. "గవయం (ఒక అడవి జంతువు) ఆవులా ఉంటుంది" అంటే అది జంతుశాస్త్రమే గానీ కవిత్వం కాదని పెద్దలు ఎప్పుడో చెప్పారు. రెండు వేరువేరు జాతుల వస్తువులు ఉండి, పోల్చడం వల్ల కాస్త అందం పుట్టాలి. బజ్జీ బోండాలా ఉందంటే వంట మాస్టరు మీద ఫిర్యాదు, ఉపమాలంకారం కాదు.

*ఉత్ప్రేక్ష.* నేలపట్టులో గూడబాతులు చెట్ల నిండా వాలిన రోజున మీరు చూసుంటే తెలుస్తుంది. "చెట్లు తెల్ల పువ్వుల గుత్తుల్లా ఉన్నాయి" అంటే ఉపమ. "చెట్లు తెల్లవారేసరికి పత్తి కాశాయేమో" అంటే ఉత్ప్రేక్ష. మొదటిది పక్కన పెట్టి చూపించడం, రెండోది అట్టా జరిగిందేమో అని ఊహించడం.

పరీక్ష: వాక్యం చివర "కాబోలు" తగిలించండి. "చెట్లు పత్తి కాశాయి కాబోలు", హాయిగా అతికింది. "పెన్న గిత్తలా ఉరికింది కాబోలు" అంటే అర్థమే మారిపోతుంది, ఉరికిందో లేదో నాకు తెలియదు అన్నట్టు అవుతుంది. అతికితే ఉత్ప్రేక్ష, అర్థం చెడితే ఉపమ. ముఖ్యంగా "అన్నట్టు" దగ్గర జాగ్రత్త. దాని చివర "అట్టు" ఉంది గాబట్టి ఉపమ అనుకుంటారు. "ఆకాశం మనల్ని చూసి కన్ను గీటినట్టు మెరిసింది", ఆకాశం కన్ను గీటడం లోకంలో ఎక్కడా లేదు, కవి ఊహ. ఊహ ఉన్న చోట ఉత్ప్రేక్ష వైపే మొగ్గండి.

*రూపకం.* దీని దగ్గర నేనూ బోర్లా పడ్డాను. చదువుకునే రోజుల్లో ఒక పరీక్షలో "పాదపద్మాలకు మొక్కుతున్నాను" అన్న వాక్యానికి రూపకం అని రాశాను, మార్కులు కూడా వేశారు. పదేళ్ళు అదే పిల్లలకి చెప్పాను. తరవాత తెలిసింది, అది తప్పని. మార్కులు పడ్డాయంటే రైటని కాదు.

సంగతేంటంటే "పాదపద్మం" లాంటి సమాసాన్ని రెండు రకాలుగా విప్పొచ్చు. పద్మం వంటి పాదం అంటే ఉపమ. పాదమనే పద్మం అంటే రూపకం. ఏది రైటో సమాసాన్ని చూస్తే తెలియదు, క్రియను చూడాలి. ఆ పని ఎవరికి తగుతుంది? మొక్కేది పాదానికి, పద్మానికి కాదు. అంటే పాదమే అసలు మాట, పద్మం పోలిక. ఉపమ. అదే "ఆ ముఖచంద్రుడు వెన్నెల కురిపించాడు" అంటే వెన్నెల కురిపించేది చంద్రుడు, ముఖం కాదు. ఇక్కడ ముఖం చంద్రుడైపోయింది, భేదం లేదు. రూపకం. "కోపాగ్నిలో కాలిపోయాడు"కి మీరే చెప్పండి. కాల్చేది నిప్పు గదా, కాబట్టి రూపకం.

ఈ ఒక్కటీ నేర్చుకుంటే డీఎస్సీ వాళ్ళకి ఎంత లాభమో నేను చెప్పక్కర్లేదు.

*అతిశయోక్తి.* "ఏమో" అనడు, "లా" అనడు, జరిగిందని ఖాయంగా చెప్పేస్తాడు, జరిగే పని మాత్రం కాదు. "మే నెలలో ఒంగోలు బస్టాండులో దోసెకి పెనం అక్కర్లేదు." ఉత్ప్రేక్షలో కవి మనతో పాటు ఆశ్చర్యపోతాడు, అతిశయోక్తిలో ఒట్టేసి చెప్తాడు. కోతలు కోసే బాబాయి ఒకరు ప్రతి ఇంట్లో ఉంటారు, ఆయన్ని గుర్తు తెచ్చుకోండి.

*స్వభావోక్తి.* "తాటాకు పందిరి కింద ముసలి ఎద్దు కళ్ళు సగం మూసుకుని, దవడ అడ్డంగా తిప్పుతూ నెమరేస్తా ఉంది, చెవి మీద ఈగ వాలితే తోలు మాత్రం జలదరిస్తుంది, తల కదలదు." పోలిక లేదు, ఊహ లేదు, పెంచడం లేదు. చూసింది చూసినట్టు, కానీ ఎవరూ పట్టించుకోని వివరం పట్టుకుని చెప్పడం. పరీక్ష ఏంటంటే, అది చదివి మీరు బొమ్మ గీయగలగాలి. "ఆ ఎద్దు పెద్దది, తెల్లది" అంటే స్వభావోక్తి కాదు, సంతలో అమ్మేవాడి మాట.

ఏ అలంకారమూ దొరక్కపోతే స్వభావోక్తి అని రాసి వచ్చే అలవాటు కొందరికి ఉంది, దయచేసి మానండి. ప్రతి పద్యంలో అలంకారం ఉండి తీరాలని రూలేం లేదు. మన నెల్లూరులో కూర్చుని భారతంలో 15 పర్వాలు తెలుగు చేసిన తిక్కన, మనిషి మనిషితో మాట్లాడే మాటతోనే పద్యం నడిపించేస్తాడు చాలా చోట్ల, అందులో మీరు పోలిక కోసం వెతికితే మీ టైమే వృథా. వర్ణనలు కావాలంటే అరణ్యపర్వంలో మిగిలిన భాగం పూర్తి చేసిన ఎర్రన దగ్గరికి వెళ్ళండి. ఆయన్ని ప్రబంధ పరమేశ్వరుడని ఊరికే అనలేదు.

*దృష్టాంతం, అర్థాంతరన్యాసం.* రెండింట్లోనూ రెండు వాక్యాలుంటాయి, అందుకే కలిసిపోతాయి. మధ్యలో ఒక మాట పెట్టి చూడండి. "అలాగే" అతికితే దృష్టాంతం: "వాన పడితేనే చేను మెత్తబడుతుంది. (అలాగే) మాట కలిస్తేనే మనసు మెత్తబడుతుంది." "ఎందుకంటే లోకంలో" అతికితే అర్థాంతరన్యాసం: "గేట్లు ఎత్తగానే పెన్న గట్టు దాటింది. (ఎందుకంటే లోకంలో) బలమున్నవాడికి హద్దు ఎక్కడ?" ఒకటి ఒక్కదాని సంగతి, ఇంకోటి లోకమంతటి సంగతి, ఒకదాన్ని ఒకటి బలపరుస్తుంది. రెండూ అతికినట్టు అనిపిస్తే, రెండో వాక్యం సామెతలాగా ఊరందరికీ వర్తిస్తుందా అని అడగండి. వర్తిస్తే అర్థాంతరన్యాసమే.

6. రెండు అలంకారాలు దొరికితే?

కంగారు పడకండి, దొరుకుతాయి. "పెన్న పొంగి పొలాల మీద పగ్గం తెంపిన పోట్ల గిత్తలా పొర్లింది" అంటే వృత్త్యనుప్రాస, ఉపమ రెండూ ఉన్నాయి. నువ్వులూ బియ్యమూ కలిపితే ఏరగలిగినట్టు విడివిడిగా కనపడితే సంసృష్టి అంటారు, పాలూ నీళ్ళూ కలిసినట్టు విడదీయలేకపోతే సంకరం. ఈ పేర్లు పదో తరగతికి అక్కర్లేదు. ప్రశ్నలో ఏ మాట కింద గీత పెట్టారో ఆ మాట చూసి దానికి సంబంధించింది రాయండి. గీత లేకపోతే మూడో మెట్టు మళ్ళీ చేయండి, ఏది తీసేస్తే వాక్యం ఎక్కువ చప్పబడుతుందో అదే ముఖ్యం.

7. జవాబు రాయడం

పేరు రాసి ఊరుకుంటే సగం మార్కులే. పేరు, లక్షణం, తరవాత సమన్వయం. సమన్వయం అంటే "ఇక్కడ" అని మొదలుపెట్టి మీ వాక్యంలోని మాటలతో లక్షణాన్ని కలపడం. "ఇక్కడ ఉపమేయమైన పెన్నను ఉపమానమైన గిత్తతో, ఉరకడం అనే సమానధర్మంతో, లా అనే ఉపమావాచకం ద్వారా పోల్చడం జరిగింది, కాబట్టి ఇది పూర్ణోపమ." అంతే. లక్షణం అరపేజీ రాసి సమన్వయం వదిలేసేవాళ్ళని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

స్పెల్లింగు కూడా చూసుకోండి: ఉత్ప్రేక్షలో త కింద ప, ప కింద ర. అతిశయోక్తిలో శ, స కాదు. వృత్త్యనుప్రాసలో త్త్య.

8. వచ్చిందో రాలేదో చూసుకోవడం

పుస్తకంలో ఉదాహరణ గుర్తుపడితే వచ్చినట్టు కాదు, అది జ్ఞాపకశక్తి. మీ ఊరి వస్తువు ఒకటి తీసుకుని ఆ అలంకారంలో సొంతంగా ఒక వాక్యం రాయండి. తరవాత అదే వస్తువుని పక్క అలంకారంలోకి మార్చండి. "చెరువులో చందమామ వెండి పళ్ళెంలా ఉన్నాడు" ఉపమ. "చెరువులో ఎవరో వెండి పళ్ళెం జారవిడిచారేమో" ఉత్ప్రేక్ష. "చెరువు అనే అమ్మ చందమామ అనే పళ్ళెంలో వెన్నెలన్నం కలిపింది" రూపకం. ఇట్టా మూడు మార్చగలిగితే మీకు గోడలు ఎక్కడున్నాయో తెలిసినట్టే.

ఐదు వాక్యాలు ఇస్తున్నా. కింద జవాబులు ఉన్నాయి, చెయ్యి అడ్డం పెట్టుకుని చేయండి.

అ) ఉలవపాడు మామిడి పండు పట్టిన చెయ్యే చెయ్యి.
ఆ) రొట్టెల పండగ నాడు చెరువులో మనుషులు, మనుషుల చేతుల్లో రొట్టెలు, రొట్టెల్లో కోరికలు.
ఇ) ఉదయగిరి చెక్క గరిటె గిన్నెలో చప్పుడు చేయదు. పనికొచ్చేవాళ్ళకి చప్పుడెందుకు?
ఈ) చినగంజాం ఉప్పు మడుల్లో ఎండ గడ్డకట్టింది.
ఉ) గిత్త నడిచొస్తుంటే మూపురం మీద మంచుకొండ ఎక్కి కూర్చున్నట్టుంది.

అ) లాట, "నిజమైన చెయ్యి" అతుకుతుంది. ఆ) ముక్తపదగ్రస్తం. ఇ) అర్థాంతరన్యాసం, రెండోది అందరికీ వర్తించే మాట. ఈ) అతిశయోక్తి, ఉప్పు అన్న ఉపమేయాన్ని మింగేసి ఎండే గడ్డకట్టిందని ఖాయంగా చెప్పేశాడు, ఏమో అని ఉంటే ఉత్ప్రేక్ష అయ్యేది.

ఉ) దగ్గర నా దగ్గరికొచ్చే పిల్లలు రెండు పార్టీలుగా విడిపోతారు. ఎద్దు మీద మంచుకొండ కూర్చోవడం ఎక్కడా లేదు కాబట్టి ఊహ, ఉత్ప్రేక్ష అని నేనంటాను. లోకంలో లేని దాన్ని ఉపమానంగా తెచ్చినా ఉపమే అవుతుంది, దానికి అభూతోపమ అని పేరు కూడా ఉంది అని పోయినేడాది ఒక అమ్మాయి పట్టుబట్టింది, అదీ శాస్త్రంలో ఉన్నదే. కారణం రాస్తే నేను రెండింటికీ మార్కులు వేస్తాను. కీ పేపరు తయారుచేసేవాళ్ళు వేస్తారని మాత్రం గ్యారంటీ ఇవ్వలేను, పరీక్షలో ఉత్ప్రేక్ష అనే రాయండి.